నవ్వే పెలికన్‌లో చేపల సూప్

థెక్లా చేతిలో పడ్డ హోటలు బతకదని కంపెనీలో ఒక పేరుండేది. అందులో ఆమె తప్పేమీ లేదు. "నవ్వే పెలికన్" అనే బర్గర్ల కంపెనీవాళ్ళు రోగం ముదిరాకే ఆమెను పంపేవాళ్ళు. రేవు పక్క బ్రాంచికి ఆమె మేనేజరుగా వెళ్ళేసరికి ఓడలు వేరే రేవుకి మళ్ళిపోయాయి. పెద్ద రోడ్డు పక్క బ్రాంచికి వెళ్ళేసరికి కొత్త రోడ్డు కొండ అవతలనుంచి పడింది. ప్రతిచోటా ఆమె చేసిన పని ఒకటే. కుర్చీలు లెక్కపెట్టడం, ఫ్రిజ్‌లు కడిగించడం, తాళం వేసి, తాళంచెవులు అథెన్సులో హెడ్డాఫీసుకి పంపడం. ఆఫీసులో ఆమెను చాటుగా "తాళాలమ్మ" అనేవారు.

చివరికి ఆమెను సొంత ఊరు పలియోవ్రిసికి వేశారు. ఇదీ మూతపడితే ఆమెకి ఇంకో బ్రాంచి ఇచ్చేది లేదని ముందే చెప్పారు. ఊరూరా అద్దె గదుల్లో పెట్టె సర్దుకుని, విప్పుకుని విసిగిపోయిన మనిషికి సొంత ఊరంటే మామూలు మాట కాదు. రాత్రి తన మంచం మీద తను పడుకుంటుంది. పొద్దున్నే చెల్లెలితో పోట్లాడుతుంది. ఈ సుఖం వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఈ ఒక్క తాళం మాత్రం వెయ్యకూడదని గట్టిగా అనుకుంది.

కానీ అప్పటికే ఊళ్ళో వ్యవసాయ కాలేజీ ఎత్తేశారు. కాలేజీ ఉన్నన్నాళ్ళూ పెలికన్ కిటకిటలాడేది. పిల్లలు మోటారు సైకిళ్ళమీద వచ్చి, బర్గర్లు తిని, బల్లలమీద పేర్లు చెక్కి పోయేవారు. ఒక వేసవి సెలవులకి వెళ్ళిన పిల్లలు మళ్ళీ రాలేదు. ఊళ్ళో మిగిలినవాళ్ళంతా మధ్యాహ్నం ఇంట్లో పప్పుచారు తాగి కునుకు తీసేవాళ్ళు. బర్గరు రొట్టె తియ్యగా ఉంటుందని వాళ్ళకి చిరాకు.

అథెన్సు ఆఫీసు దీనికో మందు పంపింది. అన్ని ఊళ్ళకీ పంపేదే, ఒక పెద్ద పోస్టరు: ఒక మిల్క్‌షేక్ కొంటే ఇంకోటి ఉచితం. పెలికన్ ఉన్న భవనం యజమాని ఫోటిస్ అద్దె కోసం వచ్చినప్పుడు ఆ పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"రెండోది ఎవరు తాగాలి?" అన్నాడు.

"మీరే తాగొచ్చు బాబాయ్."

"నాకు షుగరు. మొదటిదే తాగకూడదు. ఇది మందా, చంపడానికా?"

వంటవాడు పంటెలిస్ లోపలినుంచి అరిచాడు. "రెండూ తాగితే ఎదురుగానే శ్మశానం ఉందిగా బాబాయ్, దూరం కూడా కాదు!"

నిజంగానే రోడ్డుకి అటువైపు శ్మశానం. తెల్లటి గోడ, సైప్రస్ చెట్లు, పెద్ద గేటు. ఇటువైపు గుమ్మం దగ్గర మనిషంత ఎత్తు పెలికన్ పక్షి బొమ్మ రెక్కలు చాచి, నోరంతా తెరుచుకుని నవ్వుతూ ఉండేది. శవపేటిక దిగేటప్పుడు ఇటు తిరిగి నిలబడ్డవాళ్ళకి మొదట కనిపించేది ఆ నవ్వే.

నవంబరులో ఒకరోజు కుండపోతగా వాన. ఆ రోజే మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న సరాండిస్‌ని పాతిపెట్టారు. ఖననం అయ్యాక అందరూ కూర్చుని కాఫీ, బ్రాందీ పుచ్చుకోవాలి. దానికి గుడి పక్కన ఒక కాఫీ హోటలుండేది. దాని యజమానికి మోకాళ్ళు పోయి కిందటి నెలే మూసేశాడు. వానలో ఎటు వెళ్ళాలో తెలియక జనమంతా గేటు దగ్గర నిలబడిపోయారు. సరాండిస్ భార్య పొలిక్సేని అటూ ఇటూ చూసింది. గొడుగు మూసి, రోడ్డు దాటి, పెలికన్ రెక్క కింద నుంచి లోపలికి వచ్చేసింది. ఆమె వెనక ఫాదర్ అనార్గిరోస్, ఆయన వెనక ఊరు.

"ఏవమ్మాయ్, కాఫీ ఉందా?"

థెక్లా నోట కంపెనీ నేర్పిన పాఠమే వచ్చేసింది. "ఉందండి. కారమెల్, వనిల్లా, హేజల్‌నట్..."

"మొగుడు పోయి వచ్చాను తల్లీ. వనిల్లా ఏవిటి?"

పంటెలిస్ సాస్ గిన్నెలో కాఫీ కాచాడు. బ్రాందీ అతని స్కూటరు డిక్కీలోంచి వచ్చింది. దగ్గుకి ఉంచుకున్నానన్నాడు గానీ దగ్గుకి అంత పెద్ద సీసా ఎందుకో ఎవరూ అడగలేదు. రస్కులు లేవు. పిల్లలకిచ్చే పెలికన్ ఆకారం బిస్కెట్లు మాత్రం ఉన్నాయి. పంటెలిస్ ఒక్కొక్కదాని ముక్కూ విరిచి ప్లేట్లలో సర్దాడు. ముక్కు లేకపోతే అవి మామూలు బిస్కెట్లే.

పొలిక్సేని ఎర్ర సోఫాలో కూర్చుని, కాఫీ తాగి, కాసేపు ఏడ్చింది. తరవాత సోఫాని చేత్తో నొక్కి చూసింది.

"మెత్తగా ఉంది. ఆ గుడి పక్క చెక్క కుర్చీల్లో కూర్చుని ఏడిస్తే నడుం పట్టేసేది. నలభయ్యో రోజు భోజనం ఇక్కడే పెడతాను. చేపల సూప్ చేస్తావా?"

"మా కంపెనీ ఒప్పుకోదు పెద్దమ్మా. పైనుంచి వచ్చిన వంటలే..."

"మీ కంపెనీ భోజనానికొస్తుందా?"

"రాదు."

"మరింకేంటి నీ బాధ?"

థెక్లా పంటెలిస్ వైపు చూసింది. అతను అప్పటికే తలుపు చాటున నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. "మాంసం బిళ్ళలు అటు తిప్పి, ఇటు తిప్పి నా మణికట్టు అరిగిపోయింది థెక్లా. ఒక్క చేప తలకాయని చూసి ఎన్నాళ్ళయిందో. చేద్దాం."

నలభయ్యో రోజుకి పంటెలిస్ పెద్ద డేగిసా నిండా సూప్ కాచాడు. చేప, ఆకుకూర కాడలు, క్యారెట్, బంగాళదుంప, పైన గుడ్డు గిలకొట్టిన నిమ్మరసం. తిన్నవాళ్ళు మాట్లాడకుండా తిన్నారు. అది ఆ ఊళ్ళో చాలా పెద్ద మెప్పు.

ఆ తరవాత ఇంక చూసుకోనక్కర్లేకపోయింది. కాలేజీ పోయాక ఊళ్ళో ముసలివాళ్ళే మిగిలారు కదా. ఖననం కాఫీలు, నలభయ్యో రోజు భోజనాలు, సంవత్సరీకాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. పోయినవాళ్ళ మంచిచెడ్డల కంటే వాళ్ళ సూప్ మంచిచెడ్డలే ఎక్కువ చర్చకి వచ్చేవి. ఫలానా ఆయన సూప్‌లో చేప తక్కువైందంటే ఆ కొడుకులు నెలరోజులు బజారులోకి రాలేకపోయారు.

బతికున్నవాళ్ళు కూడా ముందే వచ్చి చూసుకుపోయేవారు. ఫోటిస్ అన్ని సోఫాల్లోనూ కూర్చుని చూశాడు.

"నా వాళ్ళని ఆ కిటికీ వైపు కూర్చోబెట్టు. ఎండ బాగుంటుంది. మా తోడల్లుణ్ణి మాత్రం పిల్లల జారుడుబల్ల పక్కన వెయ్యి."

"ఆయన మీకంటే ముందు పోతే, బాబాయ్?"

"వాడలాంటి మర్యాద చేసే మనిషి కాదులే."

గుమ్మంలో పెలికన్ నవ్వు మాత్రం అందరికీ ఇబ్బందిగా ఉండేది. భోజనాల రోజున థెక్లా దాని మీద నల్ల దుప్పటి కప్పేది. ముక్కు కొస ఒక్కటి బయటికి పొడుచుకొచ్చేది. దూరంనుంచి చూస్తే ఎవరో దుఃఖంలో ఉన్న పొడుగాటి ముసలమ్మ నిలబడ్డట్టుండేది. చూపు సరిగా ఆనని ఒక పెద్దాయన దాని రెక్క పట్టుకుని "ధైర్యం తెచ్చుకో తల్లీ" అని చెప్పి, జవాబు రాలేదని నొచ్చుకుని వెళ్ళాడు.

ఒక్కటే చిక్కు. కంపెనీ బిల్లు మెషిన్‌లో చేపల సూప్ అనే మీట లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే డబ్బు పెట్టె తెరుచుకోదు. థెక్లా మీటలన్నీ వెతికి, చేప అన్న మాట ఉన్న ఒకే ఒక్క మీట నొక్కింది. కెప్టెన్ చేప బర్గరు. సాస్ వద్దు. రొట్టె విడిగా. దేశం మొత్తంమీద ఎవరూ ముట్టుకోని బర్గరది.

వేసవి చివర్లో అథెన్సునుంచి ఫోను వచ్చింది. కొత్త మార్కెటింగ్ డైరెక్టర్ ఇరాక్లిస్ డెండ్రినోస్. ఇంకా మీసం సరిగా రాని గొంతు.

"థెక్లా గారూ, మీరు చేప బర్గర్‌ని ఏం చేస్తున్నారు?"

మీట సంగతి తెలిసిపోయిందనుకుంది థెక్లా. "ఏం చెయ్యట్లేదండీ. జనం తింటున్నారు."

"సాస్ వద్దంటున్నారట?"

"నిమ్మకాయ ఇష్టం వాళ్ళకి."

"నిమ్మకాయ!" అవతల పెన్ను బరబరా గీకిన చప్పుడు. "గుంపులు గుంపులుగా వస్తారట కదా. పెద్ద పెద్ద కుటుంబాలా?"

"అవునండి. కుటుంబాలే. ఎక్కడెక్కడి చుట్టాలూ వస్తారు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని ఫోను పెట్టేశాక ఆమె పంటెలిస్‌కి చెప్పింది. "అబద్ధం లేదు," అన్నాడతను, "శవం ఒక్కటే మిస్సయింది."

నవంబరు మళ్ళీ వచ్చింది. శనివారం సరాండిస్ సంవత్సరీకం. పొలిక్సేని మధ్య సోఫాలో కూర్చుంది. ఆమె ముందు పోయినవాళ్ళ పేరున పంచే, పంచదార పూసిన గోధుమల పళ్ళెం, పక్కన సరాండిస్ ఫొటో. ఫాదర్ అనార్గిరోస్ ప్రార్థన ముగించి, స్పూను సూప్‌లో ముంచి నోటిదాకా తెచ్చుకున్నారు.

అప్పుడు తలుపులు ధడాలున తెరుచుకున్నాయి. డోలు మోగింది. నిలువెత్తు పెలికన్ వేషం ఒకటి రెక్కలు ఊపుతూ, నడుం తిప్పుతూ లోపలికి వచ్చింది. దాని వెనక సూటు వేసుకున్న కుర్రాడు, చేతిలో ఇత్తడి కప్పు. "చేప బర్గర్ అమ్మకాల్లో దేశంలోనే మొదటి బ్రాంచికి అభినందనలు!" అని అరిచి రంగు కాగితాల గొట్టం పేల్చాడు. కాగితాలు మెల్లగా ఎగిరి, సూప్ గిన్నెల్లోనూ, ఫాదర్‌గారి గడ్డంలోనూ, గోధుమల పళ్ళెం మీదా వాలాయి.

డోలువాడు ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయాడు. హాలంతా నల్లబట్టలు. గుమ్మంలో ఒక పెలికన్ నల్ల ముసుగు వేసుకుని నిలబడి ఉంది. హాలు మధ్యలో ఇంకోటి ఒంటికాలి మీద ఆగిపోయి ఉంది.

థెక్లా ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. అయిపోయింది, అనుకుంది. పెట్టె ఎక్కడుందో, మంచం కింద ఉందో అటక మీద ఉందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది.

వేషంలోని మనిషి కాలు దించి, పక్కనున్న ముసలాయన వైపు వంగి, ముక్కులోంచి గుసగుసగా అడిగాడు. "ఎవరు పోయారండీ?"

"సరాండిస్. ఏడాదైంది."

వేషం తల ఊడదీశాడు. లోపల చెమటతో ముద్దయిన నడివయసు మనిషి. అథెన్సులో నాటకాలు లేనప్పుడు ఇలాంటి వేషాలు కడుతుంటాడట. తలని చంకలో పెట్టుకుని పొలిక్సేని ముందు వంగాడు. "ఆయన్ని దేవుడు చల్లగా చూడాలమ్మా. ఎవరిదో పుట్టినరోజని నాకు చెప్పారు."

పొలిక్సేని అతన్ని పైనుంచి పాదాలదాకా చూసింది. పాదాలు నారింజ రంగు, బాతు పాదాలు.

"తిన్నావా?"

"పొద్దున బయల్దేరామమ్మా. లేదు."

"ఆ రెక్కలు విప్పి కూర్చో. సూప్ చల్లారితే నీచు కొడుతుంది." తరవాత సూటు కుర్రాడి వైపు తిరిగింది. "నువ్వేంటి బాబూ, అలా నిలబడ్డావ్? ఆ చెంబు అక్కడ పెట్టి నువ్వూ కూర్చో. ముందు ఫాదర్‌గారి గడ్డంలో కాగితాలు ఏరు."

ఆ కుర్రాడే ఇరాక్లిస్. ఏరాడు. ఏరడం అయ్యాక వంటింట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయింది.

"చేప బర్గర్ ఏది?" అన్నాడు నీరసంగా.

పంటెలిస్ డేగిసా మూత ఎత్తి చూపించాడు. "ఇదిగో. సాస్ లేకుండా."

ఇరాక్లిస్ బంగాళదుంపల బస్తా మీద కూలబడ్డాడు. "దేశమంతా పోస్టర్లు అంటించేశాం థెక్లా గారూ. 'పలియోవ్రిసి ఎగబడుతున్న చేప బర్గరు' అని. ప్రతి బ్రాంచికీ ఫ్రిజ్‌ల నిండా చేప బిళ్ళలు పంపేశాం. నాకు ప్రమోషన్ ఇచ్చింది దానికే."

"ఆపెయ్యండి. ఫోన్ చేసి చెప్పండి," అంది థెక్లా.

"ఏమని చెప్పను? మా గొప్ప బర్గరు తద్దినం భోజనమని పెద్దల ముందు నిలబడి చెప్పనా?" అని తల పట్టుకున్నాడు. "అసలు ఇక్కడ హోటలు పెట్టమంది మా సర్వేయే. శనివారం శనివారం ఈ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, కుటుంబాలన్నీ దిగుతాయి, పిల్లలు, పెద్దలు..."

"దిగుతారు," అన్నాడు పంటెలిస్, "పూలు పట్టుకుని. మీ సర్వే వాడు కారు దిగి గేటు మీద రాసింది చదివుంటే సరిపోయేది."

థెక్లా అడగాల్సింది ఒక్కటే. "మరి నా హోటలు?"

అతను లేచి డేగిసాలోకి తొంగి చూశాడు. "నిజం చెబితే రేపే మూయిస్తారు. పెలికన్ అంటే నవ్వు, చావు కాదంటారు. చెప్పకపోతే... నేనేమీ చూడలేదు. మీరేమీ చెప్పలేదు. ఆ సూప్ కొంచెం పొయ్యండి."

ఒక గిన్నె తాగి, గిన్నె మళ్ళీ చాచాడు. పంటెలిస్ పోశాడు.

కప్పు అల్మారాలో పెట్టారు. థెక్లా మీట నొక్కడం మానలేదు. మానితే ఒక్కసారిగా చేప బర్గర్లు పడిపోయినట్టు కనపడుతుంది కదా. కానీ ఆ చలికాలమంతా పాత స్నేహితులు, వేరే బ్రాంచిల మేనేజర్లు, ఫోన్లు చేస్తుంటే ఆమెకి ముద్ద దిగేది కాదు. సముద్రం ఒడ్డు ఊరినుంచి ఒకామె, "ఎదురుగా పడవలోంచి చేపలు తాజాగా దిగుతుంటే మా గడ్డకట్టిన బిళ్ళ ఎవడు తింటాడే?" అంది. కొండ ఊరినుంచి ఒకాయన, "పిల్లులకి పెట్టాను థెక్లా. అవి నా మొహం చూసి వెళ్ళిపోయాయి," అన్నాడు. "మీ ఊరి వాళ్ళ నాలుకలు ఏం నాలుకలమ్మా?" అనీ అడిగాడు.

చేప బర్గరు ఒక్కటే కంపెనీని ముంచిందనడం న్యాయం కాదు. ఒక ఊళ్ళో ఫ్యాక్టరీ పోయింది, ఇంకో ఊళ్ళో యాత్రికులు రావడం మానేశారు, ఇంకోచోట కుర్రాళ్ళంతా వీధి చివర పిటా రొట్టెల బండికి మరిగారు. ఎక్కడ ఏం మారినా అథెన్సునుంచి అన్ని ఊళ్ళకీ ఒకే పోస్టరు వచ్చేది. ఈసారి పోస్టరు మీద చేప ఉంది, అంతే తేడా. వసంతానికి బ్రాంచిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి కంపెనీయే మూతపడింది. లాభంలో ఉన్న బ్రాంచి పలియోవ్రిసిదొక్కటే కాబట్టి దాన్ని ఆఖరుకి ఉంచారు.

ఇరాక్లిస్ బస్సులో వచ్చాడు. కంపెనీ కారు అప్పులవాళ్ళు తీసుకుపోయారట. అతని వెనకాల సామాను లారీ వచ్చింది.

"నన్ను క్షమించండి," అన్నాడు. "ఇప్పుడు తాళాలన్నీ నేనే వేస్తున్నాను. బిల్లు మెషిన్, పొయ్యిలు, సోఫాలు, పక్షి. అన్నీ ఎక్కించమన్నారు."

థెక్లా తలూపింది. ఈ పని ఆమెకి తెలిసినంత బాగా దేశంలో ఎవరికీ తెలియదు. ఏ పొయ్యి గొట్టం ముందు విప్పాలో, ఏ బల్ల కాలు ఊడుతుందో కూలీలకి చూపించడానికి లేచింది. మళ్ళీ కూర్చుంది.

అప్పటికి కబురు బజారుకి చేరింది. ముందు ఫోటిస్ వచ్చాడు, ఆయాసపడుతూ.

"ఏంటి, మూసేస్తున్నావా? మరి నా భోజనం సంగతి?"

"కంపెనీ పోయింది బాబాయ్."

"పోతే పోయింది! భవనం నాది. కంపెనీకిచ్చిన అద్దెకి నీకిస్తాను. కాదు, తక్కువకే ఇస్తాను, కానీ నా రోజున చేప తక్కువైతే లేచొచ్చి అడుగుతా."

"పొయ్యిలు పట్టుకుపోతున్నారు కదా."

"మా అమ్మ చేసింది కట్టెల పొయ్యి మీద," అన్నాడు పంటెలిస్. "డేగిసా నాది. అది లారీ ఎక్కదు."

థెక్లా కిటికీలోంచి బయటికి చూసింది. పొలిక్సేని రోడ్డు దాటి వస్తోంది. ఆమె వెనక నల్ల గౌన్లు, నల్ల రుమాళ్ళు, పన్నెండుమందో పదిహేనుమందో. లోపలికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్కో సోఫాలో ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకుని కూర్చున్నారు. సంచుల్లోంచి అల్లికలు తీశారు.

లారీ కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు దగ్గరికెళ్ళి, "అమ్మా, కొంచెం లేస్తే..." అన్నాడు.

"మోకాళ్ళ నెప్పులు నాయనా," అంది పొలిక్సేని. "కూర్చుంటే లేవలేం. లేస్తే కూర్చోలేం. మీరు కావాలంటే మాతో సహా ఎత్తండి."

కూలీ ఇరాక్లిస్ దగ్గరికి తిరిగొచ్చాడు. "సార్, నా నడుం గురించి ఆలోచించండి."

ఇరాక్లిస్ సోఫాల వైపు, సోఫాల్లోని అల్లికల వైపు చూశాడు. బిల్లు మెషిన్, పొయ్యిలు, జారుడుబల్ల, పెలికన్ బొమ్మ లారీ ఎక్కాయి. "సోఫాలు పాడైపోయాయని రాస్తాను," అన్నాడు. "మనుషులు అతుక్కుపోయారని."

"దానికి ఎంతవుతుంది?" అంది థెక్లా.

"పాడైన సోఫాకి ధర ఏముంటుందండీ?"

థెక్లా అప్పుడు లేచి, అతని చేతిలోని తాళాల గుత్తి తీసుకుని, తన ఆప్రాన్ జేబులో వేసుకుంది. ఫోటిస్‌తో, "అద్దె సంగతి రేపు పొద్దున మా ఇంటికొచ్చి మాట్లాడండి బాబాయ్. మా చెల్లెలితో పోట్లాట అయ్యాక రండి," అంది.

లారీ వెళ్ళిపోయింది. పంటెలిస్ పొరుగింటినుంచి గ్యాసు స్టవ్ ఒకటి ఎత్తుకొచ్చి డేగిసా ఎక్కించాడు. సాయంత్రం బస్సుకి ఇంకా టైముంది. ఇరాక్లిస్ జారుడుబల్ల తీసేసిన ఖాళీ చోటు పక్కన ఒక్కడే కూర్చున్నాడు. ముదురు రంగు సూటు, నల్ల టై. ఆఫీసుకి ఎప్పుడూ వేసుకునేవే.

పొలిక్సేని అల్లిక ఆపి అతన్ని చూసింది. లారీ గోలలో ఆమె అతని వైపు చూడనే లేదు, అతను ఎవరో గుర్తు రాలేదు. గడ్డంలో కాగితాలు ఏరిన కుర్రాడికి ఇంత వంగిన భుజాలు లేవు.

"ఎవరు పోయారు బాబూ?"

ఇరాక్లిస్ కొంచెం ఆలోచించాడు. "కంపెనీ అండీ."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండు."

"అయ్యో, పెళ్ళీడు," అంది పొలిక్సేని. పక్క సోఫాలో ఆవిడకి కూడా చెప్పింది. ఆవిడ పెదవి విరిచి, శిలువ గుర్తు వేసుకుంది. "జబ్బు చేసిందా?"

"ఊరూరికీ ఒకే మందు వేసుకుంది."

"అలా వేసుకోకూడదు," అంది పొలిక్సేని. "థెక్లా! ఈ అబ్బాయికి సూప్ ముందు కొంచెం బ్రాందీ పొయ్యి. దగ్గరి చుట్టంలా ఉన్నాడు."

థెక్లా సీసా, రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి అతనికి పోసి, ఒకటి తనకి పోసుకుని, అతని ఎదురుగా కూర్చుంది.